ఆల్టోనా బీచ్‌కి పిల్లల్ని, అత్తమామల్ని తీసుకెళ్లొచ్చా? మా ఇద్దరికీ ఈత రాదు

టార్నీట్ కోడలు:

అందరికీ నమస్తే. మేం మెల్‌బోర్న్ వచ్చి రెండేళ్లు కావస్తోంది, టార్నీట్‌లో ఉంటాం. అత్తయ్యగారు, మామయ్యగారు కొవ్వూరు నుంచి వచ్చారు, ఫిబ్రవరి దాకా ఉంటారు. ఈ డిసెంబర్ ఎండలకి ఇంట్లో కూర్చోలేక ఆదివారం బీచ్‌కి వెళ్దామని పిల్లలు (ఒకడికి తొమ్మిది, చిన్నదానికి నాలుగున్నర) ప్రాణం తీస్తున్నారు. మా వారి ఆఫీసువాళ్లేమో టోర్కీ వెళ్లండి, సముద్రమంటే అదీ అంటున్నారు. పక్కింటావిడ మాత్రం, చిన్నపిల్లలున్నారు కదా, దగ్గర్లో ఆల్టోనా ఉండగా అంత దూరం ఎందుకు, అక్కడ నీళ్లు చెరువులా ఉంటాయి అంది.

అసలు సమస్య ఏంటంటే నాకు, మా వారికి ఈత రాదు. మామయ్యగారికి వచ్చు. వచ్చు అంటే మామూలుగా కాదు, చిన్నప్పుడు గోష్పాద క్షేత్రం రేవులో పొద్దున్న దిగితే అన్నాల వేళకి గానీ బయటికి వచ్చేవారు కాదట. ఇప్పుడు అరవై ఆరేళ్లు, బీపీ మాత్ర వేసుకుంటారు. "గోదారి ఈదినవాడికి ఈ గుంట ఒక లెక్కా" అంటున్నారు. ఇంకా ఆ గుంటని చూడనే లేదు.

దీనికి తోడు మా వారు సేల్‌లో గాలి కొట్టే ప్యాడిల్ బోర్డు (నీళ్ల మీద నిలబడి తెడ్డు వేసుకుంటూ వెళ్లే పలక) ఒకటి కొన్నారు. హాల్లో గాలి కొట్టి చూస్తే సోఫాకి, టీవీకి మధ్య ఇరుక్కుపోయింది, పిల్లలిద్దరూ దాని మీద కూర్చుని పప్పన్నం తిన్నారు. చెరువులాంటి నీళ్లే కదా, పిల్లల్ని దాని మీద కూర్చోబెట్టి నేను పక్కన నడుస్తా అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఆల్టోనా నిజంగా అంత సేఫేనా? ఆడవాళ్లం ఏ బట్టల్లో దిగాలి? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాయింట్‌కుక్ పాతకాపు:

పక్కింటావిడ మాట వినండి. టోర్కీ మంచి చోటే, కానీ ఇంట్లో ఈత రానివాళ్లు ఇంతమంది ఉన్నప్పుడు మొదటి బీచ్ అది కాకూడదు.

తేడా ఎక్కడుందో చెప్తా. ఆల్టోనా ఉన్నది పోర్ట్ ఫిలిప్ బే ఒడ్డున. ఈ బే అంటే సన్న మూతి ఉన్న పెద్ద కూజా అనుకోండి. దాదాపు 1,930 చదరపు కిలోమీటర్ల నీళ్లు, బయటి సముద్రంతో కలిసే సందు మాత్రం మూడు కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. బయట ఉన్న బాస్ జలసంధి నుంచి వచ్చే పెద్ద అలలు ఆ మూతి దగ్గరే ఆగిపోతాయి, ఆల్టోనా దాకా రావు. ఇక్కడ లేచే అలలు గాలికి లేచేవే. లోతు కూడా అంతే, సగం బే ఎనిమిది మీటర్లు ఉండదు, ఎక్కడా 24 మీటర్లకి మించదు. ఆల్టోనాలో పాటు సమయంలో, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు వెళ్తే ఒడ్డు నుంచి ఎంత దూరం నడిచినా మోకాళ్ల దగ్గరే ఉంటాయి, పిల్లలకి అంతకంటే ఏం కావాలి.

టోర్కీ వైపు నేరుగా సముద్రమే. అక్కడ రిప్ అనేది ఒకటుంది, అలలతో ఒడ్డుకొచ్చిన నీళ్లు ఒక పాయలా చేరి మళ్లీ లోపలికి పరుగెత్తే దారి. దరిద్రం ఏంటంటే ఆ పాయలో అలలు పెద్దగా విరగవు, నీళ్లు కాస్త నల్లగా, నెమ్మదిగా కనిపిస్తాయి, కొత్తవాళ్లు చూసి ఇక్కడే బాగుంది, అలలు లేవు అని సరిగ్గా అందులోకే దిగుతారు. 2024 జనవరిలో ఫిలిప్ ఐలాండ్ దగ్గర ఫారెస్ట్ కేవ్స్ బీచ్‌లో మన పంజాబీ కుటుంబంలో నలుగురు ఒకేసారి పోయారు, గుర్తుండే ఉంటుంది. అది గార్డులు లేని బీచ్. ఆ వారమంతా మా ఇంటికి ఇండియా నుంచి ఫోన్లే ఫోన్లు.

మీ మామగారికి హెరాల్డ్ హోల్ట్ సంగతి చెప్పండి. ఈ దేశానికి ప్రధానమంత్రి, నీళ్లంటే ప్రాణం, సముద్రంలో ఈదడం ఆయనకి అలవాటే. 1967 డిసెంబర్ 17న పోర్ట్‌సీ దగ్గర షెవియట్ బీచ్‌లో దిగి మళ్లీ కనబడలేదు, శవం కూడా దొరకలేదు. అది కూడా కూజా బయటి వైపే. ఆయన పేరు ఇక్కడ ఒక స్విమ్మింగ్ పూల్‌కి పెట్టారు, గ్లెన్ ఐరిస్‌లో ఉంది. నవ్వాలో ఏడవాలో తెలీదు.

గాలి మళ్లింది:

పైన అన్న చెప్పిందంతా కరెక్ట్, కానీ ఒకటి వదిలేశారు, గాలి. అక్కా, మీ వారి బోర్డు గురించి చదవగానే నా ఒళ్లు జలదరించింది, ఎందుకంటే నా కథ అదే.

నేను వైజాగ్ వాణ్ని. రుషికొండ అలలు చూసి పెరిగినవాడికి ఆల్టోనా చూస్తే నవ్వొస్తుంది కదా. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, సురక్షితమైన బీచ్ అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది, అయినా అక్కడ అల వచ్చి కొడితే మనిషికి భయం దానంతట అదే వస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆ భయం పుట్టించేది ఏదీ ఉండదు, అదే ఇబ్బంది. నేనొచ్చిన మొదటి వేసవిలో ఒకరోజు 39 డిగ్రీలు. మెల్‌బోర్న్‌లో అంత ఎండ కాసే రోజుల్లో గాలి మామూలుగా ఉత్తరం నుంచి, అంటే ఎడారి వైపు నుంచి వస్తుంది. ఆల్టోనా దక్షిణం చూస్తూ ఉండే బీచ్. అంటే ఆ గాలి ఇళ్ల మీదుగా వచ్చి మన వీపు మీద కొట్టి సముద్రంలోకి తోస్తుంది. ఒడ్డున ఇళ్లు, చెట్లు అడ్డం ఉంటాయి కాబట్టి మొదటి కొన్ని మీటర్లు నీళ్లు అద్దంలా ఉంటాయి, ఒక్క ముడత కనబడదు. అద్దం కదా అని గాలి పరుపు మీద వెల్లకిలా పడుకుని, చెవులు నీళ్లలో, కళ్లు మూసుకున్నా. ఎంతసేపో తెలీదు, పది నిమిషాలు ఉంటుందేమో. పరుపు కింద చప్పుడు మారింది, టపటపా అని చిన్న చిన్న అలలు తగులుతున్నాయి. లేచి చూస్తే ఒడ్డున గొడుగులు బొత్తాలంత ఉన్నాయి. చేతులతో తోస్తుంటే నేను ఒక మూర ముందుకి, గాలి రెండు మూరలు వెనక్కి. అరిచా, అదీ తెలుగులో. ఎదురుగాలికి నా మాట నాకే వినపడలేదు.

కయాక్‌లో వెళ్తున్న ఒక ముసలాయన చూసి వచ్చాడు. తాడు అందించి ఒకే మాట అన్నాడు, పరుపు వదలకుండా ఉండటం నువ్వు చేసిన ఒకే ఒక్క మంచి పని అని. నిజంగా అప్పుడు ఈదుకుంటూ వెళ్దామా అని ఒక్క క్షణం అనిపించింది, వదిలి ఉంటే ఇక్కడ ఇది రాసేవాణ్ని కాదు.

అందుకే చెప్తున్నా, వెదర్ యాప్‌లో టెంపరేచర్ కాదు, గాలి ఎటు నుంచి అనేది చూడండి. ఉత్తరం అని ఉంటే బోర్డు, పరుపు, ఫ్లెమింగో బొమ్మ, ఏదీ కారు లోంచి దింపొద్దు. ఖాళీ బంతి కొట్టుకుపోయినా సరే దాని వెనకాల పోవద్దు, కొత్తది కొనుక్కోవచ్చు. మధ్యాహ్నం దక్షిణపు గాలి మొదలైతే నీళ్లు కాస్త గరుగ్గా ఉంటాయి గానీ అది ఒడ్డుకే తోస్తుంది. తర్వాత నేను ఇక్కడే కైట్ సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే పలక మీద నీళ్లలో దూసుకెళ్లడం) నేర్చుకున్నా, ఉత్తరం గాలి రోజున అనుభవమున్న కైట్ వాడెవడూ ఆల్టోనాలో దిగడు. మా రంగురంగుల కైట్లు ఆకాశంలో కనబడలేదంటే ఎందుకో ఒకసారి ఆలోచించండి.

ఇంకోటి, కైట్లు ఎగరేసే చోటు వేరుగా ఉంటుంది, హెచ్చరిక బోర్డులు పెట్టి ఉంటారు, అక్కడ చాప వేసుకోకండి. ఆ దారాలు ఇరవై మీటర్ల పైనే ఉంటాయి, బిగిసినప్పుడు కత్తిలాంటివి, మన సంక్రాంతి మాంజా ఏ మూలకీ రాదు.

పసుపు చొక్కా ఎర్ర నిక్కరు:

నేను బేలోనే వేరే బీచ్‌లో వాలంటీర్ లైఫ్‌సేవర్‌ని, మూడో సీజన్ ఇది. కొన్ని విషయాలు.

ఎరుపు పసుపు జెండాలు రెండు పాతి ఉంటాయి, ఆ రెండింటి మధ్యే దిగండి. జెండా లేదంటే మేం లేమని. వేసవిలో కూడా బే బీచ్‌లలో మేం ఎక్కువగా శని ఆదివారాలు, సెలవు రోజుల్లోనే ఉంటాం, పొద్దున్నే, సాయంత్రం పొద్దుపోయాక ఉండం. మనవాళ్లు సరిగ్గా మేం జెండాలు పీకి సర్దుకునే టైమ్‌కి, ఎండ తగ్గింది కదా అని, బిర్యానీ గిన్నెలతో దిగుతారు. తప్పు పట్టట్లేదు, మా ఇంట్లోనూ అంతే. వెళ్లే ముందు బీచ్‌సేఫ్ యాప్‌లో ఆల్టోనా అని కొట్టి ఆ రోజు గార్డులున్నారా లేదా చూసుకోండి.

చిన్నపాప నాలుగున్నర అన్నారు. చేయి చాపితే అందాలి, అంతే. ఒడ్డున కూర్చుని చూస్తున్నాం అనేది లెక్కలోకి రాదు. నీళ్లలో మునిగే పిల్ల సినిమాల్లోలా చేతులూపి అరవదు. నోరు నీళ్ల మట్టానికి వచ్చాక అరవడానికి ఊపిరే ఉండదు, నిలువుగా ఉండి తల వెనక్కి వాల్చి చప్పుడు లేకుండా దిగిపోతుంది. పోయినేడు నేను ఎత్తుకొచ్చిన పిల్లాడు వాళ్ల నాన్నకి మూడు మీటర్ల దూరంలో ఉన్నాడు. ఆయన ఫోన్లో వీడియో తీస్తున్నాడు, వీణ్నే. పిల్లాడికి ఏమీ కాలేదు, రెండు గుక్కలు ఉప్పునీళ్లు తాగాడు. ఆయన మాత్రం ఇసకలో కూర్చుండిపోయాడు.

మోకాలి లోతే కదా అన్న పాతకాపు గారి మాటకి చిన్న సవరణ. ఇసక దిబ్బలు, వాటి మధ్య పల్లాలు ఉంటాయి. మోకాలి దాకా, మళ్లీ చీలమండ దాకా, ఇంకో పది అడుగులకి నడుము దాకా వస్తుంది. పెద్దలకి నడుమంటే మీ పాపకి ముక్కు దాకా.

ప్యాడిల్ బోర్డు మీద ఎక్కేవాళ్లు విక్టోరియాలో లైఫ్ జాకెట్ వేసుకోవాలి, అది చట్టం. బోర్డుకీ కాలికీ కట్టే తాడు కూడా తప్పనిసరిగా కట్టుకోండి. గాలి నింపిన చేతి పట్టీలు లైఫ్ జాకెట్ కావు. మీ వారు పక్కన నడుస్తా అన్నారు, ఈత రాని మనిషి, పల్లం వస్తే ఆయన్ని ఎవరు పట్టుకుంటారు?

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకాల దూకొద్దు, ఫారెస్ట్ కేవ్స్‌లాంటి చోట్ల ఒకరి కోసం ఇంకొకరు వెళ్తేనే పెద్ద ప్రమాదాలవుతాయి. తేలేది ఏదైనా విసరండి, ఎస్కీ (ఐస్ పెట్టె) మూత అయినా సరే, ఎమర్జెన్సీ నంబర్ 000 కి ఫోన్ చేయండి.

ఏమవుద్దిలే:

అబ్బ, ఏం భయపెడుతున్నారండీ ఆవిణ్ణి. పదేళ్ల నుంచి ప్రతి వేసవీ ఆల్టోనా వెళ్తున్నాం, నలుగురు పిల్లలు, ఎవరికీ ఏమీ కాలేదు. అది బీచ్ కూడా కాదు, పెద్ద బాత్‌టబ్. పైగా మీరు రాసింది చదివితే జనం ఇంట్లోనే కూర్చుంటారు.

గాలి మళ్లింది:

పరుపు ఎక్కేదాకా నాక్కూడా ఏమీ కాలేదు అన్నా. వెళ్లొద్దని ఎవరన్నారు, వారానికి మూడు సార్లు అక్కడే ఉంటా నేను. ఉత్తరం గాలి రోజున బోర్డు దింపొద్దు అన్నా, అంతే.

ముప్పై ఎనిమిదిలో ఈత:

బట్టల సంగతి ఎవరూ చెప్పలేదు, మగవాళ్లు కదా. లెగ్గింగ్స్, పొడుగు చేతుల రాష్ వెస్ట్ (ఒంటికి పట్టి ఉండే ఈత చొక్కా), అయిపోయింది. ఎవరూ తిరిగి చూడరు, ఎండ నుంచి కూడా కాపాడుతుంది, ఇక్కడి ఎండకి ఇరవై నిమిషాల్లో తోలు లేచిపోతుంది. కాటన్ చుడీదార్, చున్నీ మాత్రం వద్దు, తడిస్తే కాళ్లకి చుట్టుకుని అడుగు తీయనివ్వవు. నేను మొదటిసారి అలాగే దిగి చున్నీ తొక్కి బోర్లా పడ్డా, నీళ్లు పిక్కల దాకానే ఉన్నాయి, అయినా లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. ఆ అవమానంతోనే కౌన్సిల్ పూల్‌లో పెద్దవాళ్ల క్లాసులో చేరా. ముప్పై ఎనిమిదేళ్లకి ముక్కు మూసుకుని బుడగలు వదలడం నేర్చుకున్నా, నా పక్కన డెబ్బై ఏళ్ల వియత్నాం మామ్మ. ఇప్పుడు జెండాల మధ్య అటు నుంచి ఇటు ఈదుతా, అంతే వచ్చు, కానీ అది చాలా హాయి.

మిగతావి తొందరగా చెప్పేస్తా. వాన పడ్డాక ఒకటి రెండు రోజులు దిగొద్దు, ఊళ్లో కాలవల నీళ్లన్నీ బేలోకే వస్తాయి. ఈపీఏ (ఇక్కడి పర్యావరణ శాఖ) వాళ్లు వేసవంతా బే బీచ్‌లకి ఏ రోజుకారోజు నీళ్లు ఎలా ఉన్నాయో చెప్తారు, అది చూసి బయల్దేరండి. కొన్ని రోజులు నాచు ఒడ్డుకి కొట్టుకొచ్చి కుళ్లు వాసన వేస్తుంది, అది మురుగు కాదు, కంగారు పడొద్దు. పార్కింగ్ ఎండ రోజుల్లో నరకం, వెరిబీ లైన్‌లో ఆల్టోనా మీదుగా వెళ్లే ట్రైన్ ఎక్కితే స్టేషన్ నుంచి పియర్ స్ట్రీట్‌లో తిన్నగా నడిస్తే బీచే. పులిహోర డబ్బా మూత తీసి పెట్టకండి, సీగల్స్ దోసిలి దగ్గర నుంచే లాక్కుపోతాయి, మా ఇంటి పులిహోర తిన్న సీగల్ ఒకటుంది, మిరపకాయ మాత్రం వదిలేసింది.

అత్తయ్యగారికి ముందే చెప్పండి, బతికున్న ఆల్చిప్పలు, నత్తలు ఏరకూడదు. బే మొత్తం ఒడ్డు నుంచి రెండు మీటర్ల లోతు దాకా నిషేధం, జరిమానా వేస్తారు. రాళ్ల సందుల్లో, ఖాళీ సీసాల్లో, గుల్లల్లో పిల్లల్ని వేళ్లు పెట్టనివ్వొద్దు. బ్లూ రింగ్డ్ ఆక్టోపస్ అని అరచేతిలో పట్టేంతది ఉంటుంది, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, దాని విషానికి విరుగుడు మందు లేదు. తనంతట తాను మీదికి రాదు, పట్టుకుంటేనే కరుస్తుంది.

నర్సాపురం రేవు:

మామయ్యగారికి ఒక గోదారోడిగా నా మాట. నేనూ వశిష్ఠలో ఈదినవాణ్నే. గోదారి నీళ్లు వేసవిలో గోరువెచ్చగా ఉంటాయి. ఇక్కడ మంచి ఫిబ్రవరిలో కూడా 20 డిగ్రీల చుట్టుపక్కలే, డిసెంబర్‌లో ఇంకా తక్కువ. ఒక్కసారిగా దూకితే ఊపిరి గుక్క పట్టేస్తుంది, గుండె గబగబా కొట్టుకుంటుంది, బీపీ ఉన్నవాళ్లకి మంచిది కాదు. కాళ్లు, నడుము, ఛాతీ తడుపుకుంటూ నెమ్మదిగా దిగమనండి. పంతుల్లా దిగాలి, కుర్రాడిలా కాదు. అక్కడ లోతు లేదు కాబట్టి పియర్ (ఒడ్డు నుంచి నీళ్లలోకి కట్టిన వంతెన) మీద నుంచి దూకుతా అంటే మాత్రం చేయి పట్టుకుని ఆపండి, మెడ విరుగుతుంది.

టార్నీట్ కోడలు:

వెళ్లొచ్చాం! ఆలస్యంగా రాస్తున్నా, ఇల్లంతా ఇసక.

ఆదివారం పొద్దున్న చూస్తే 36, ఉత్తరం గాలి. మా వారికి గాలి మళ్లింది గారి పోస్ట్ చూపించా, రెండు సార్లు చదివి, ఏమీ మాట్లాడకుండా బోర్డుని కారులోంచి తీసి గరాజ్‌లో పెట్టారు. జెండాల మధ్యే ఉన్నాం. నేను పాప చేయి వదల్లేదు, మా వారు బాబు పక్కన. పిల్లలు నాలుగు గంటలు బయటికి రాలేదు. నిజంగానే ఒడ్డున నీళ్లు అద్దంలా ఉన్నాయి, కాస్త అవతల మాత్రం నల్లగా వణుకుతున్నట్టు కనబడింది, మీరు చెప్పకపోతే నా కంటికి ఆనేది కాదు. మా ముందే ఎవరిదో పిజ్జా ముక్క ఆకారం పరుపు ఖాళీగా గిరగిరా తిరుగుతూ వెళ్లిపోయింది, వాళ్లాయన వెనకాల దిగబోతే లైఫ్‌సేవర్ అమ్మాయి విజిల్ వేసింది.

మామయ్యగారు పంచె బిగించి ఈదుదామని బయల్దేరారు. నడిచారు, నడిచారు, నీళ్లు మోకాళ్లు దాటలేదు. మధ్యలో ఆగి వెనక్కి తిరిగి మమ్మల్ని చూశారు, మళ్లీ నడిచారు. చివరికి అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చుని దోసిలితో నెత్తిన పోసుకున్నారు. బయటికొచ్చాక "చెంబు తేవాల్సింది" అన్నారు, అంతే, మళ్లీ గోదారి ఊసెత్తలేదు. అత్తయ్యగారు కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ఒడ్డునే నిలబడ్డారు, ఒళ్లో ఏరుకున్న గుల్లలన్నీ ఒక్కొక్కటీ తిరగేసి లోపల ఎవరూ లేరని చూసుకున్నారు, ఒకదాంట్లోంచి ఏదో కదిలితే గబుక్కున అక్కడే పెట్టేసి "పడుకో నాయనా" అన్నారు.

పెద్దవాళ్ల ఈత క్లాసు జనవరి నుంచి మా ఇద్దరికీ బుక్ చేశా, పిల్లలకి కూడా. ఇంకొక్క ప్రశ్న. గరాజ్‌లో ఉన్న ఆ బోర్డు గాలి తీశాం, ఎంత మడిచినా సంచిలో పట్టట్లేదు, మా వారు దాని మీద పడుకుని దొర్లారు కూడా. దానికేమైనా కిటుకుందా?

గాలి మళ్లింది:

పంపుకి రెండు రంధ్రాలుంటాయి అక్కా. గొట్టం తీసి రెండో దాంట్లో బిగించండి, అప్పుడది గాలి కొట్టదు, లోపలిది లాగేస్తుంది. ఫిన్ (అడుగున ఉండే రెక్క) ఉన్న వైపు కాకుండా అవతలి కొస నుంచి చుట్టండి.

టార్నీట్ కోడలు:

పట్టింది!! థాంక్యూ తమ్ముడూ.